కార్డు మీద లేని పేరా

పోయిన వారం కథ బడి వరండాలో ఆగింది. అక్కడి గొడవ ఒకసారి గుర్తు చేసుకుని షాపులోకి వెళదాం.

ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పేరా అయినా చదవగలరో లేదో చూడడానికి ఆఫీసు ఒక పరీక్షకురాలిని పంపింది. పిల్లల్లో సగం మందైనా చదవలేకపోతే ఆ బడి ఎత్తేస్తారు. పిల్లల్ని హైవే అవతలి పెద్ద బడిలో కలిపేస్తారు. పరీక్షకురాలు ఆఫీసువాళ్ళు ఇచ్చిన పేరాను సంచిలోనే ఉంచి, తను సొంతంగా రాసుకొచ్చిన పేరాను పిల్లల ముందు పెట్టింది. కాగితం మీద ఉన్నది కుండలు చేసే ముసలాయన సంగతి. పిల్లలు మాత్రం ఆ అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, "వాన వెలిసింది. చీమలు పుట్టలోంచి బయటికి వచ్చాయి" అని గడగడా చెప్పుకుపోయారు. ఒకరి తర్వాత ఒకరు అదే వాన, అవే చీమలు. కాగితం మీద ఎంత వెతికినా చీమ లేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పెద్దమేడం విసురుగా వచ్చి ఆ కాగితం లాక్కుంది. ఉండ చుట్టి గుప్పిట్లో పెట్టుకుని, "సాయంత్రం షాపుకి రా. అక్కడ తేల్చుకుందాం" అని వెళ్ళిపోయింది.

మెళ్ళో వేలాడే స్టాప్‌వాచీ చూసి బడి పిల్లలు పరీక్షకురాలికి 'గడియారం మేడం' అని పేరు పెట్టారు. ఇంట్లో ఆమె అమ్మడు. పెద్దమేడం ఆమెకు సొంత వదిన. షాపు ఆమె అన్నయ్యది.

కళ్ళజోళ్ళ షాపు అది. కింద షాపు, పైన ఇల్లు. గోడలకు వరసగా ఫ్రేములు, ఫ్రేముల మధ్య అద్దాలు. ఎవరు ఎటు తిరిగినా వాళ్ళ ముఖం వాళ్ళకు ఎదురయ్యే గది. అలాంటి చోట కోపం దాచుకోవడం కష్టం. వదిన దాచుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు. గిరాకీలు కూర్చునే స్టూలు మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్ళు నలగలేదు. మనిషే నలిగి ఉంది.

"రండి మేడం, రండి" అంది వదిన, అమ్మడు మెట్టెక్కగానే. "ఈ స్టూలు చాలుతుందా, పైనుంచి కుర్చీ తెప్పించమంటారా?"

"వదినా, పైకి పోయి మాట్లాడుకుందాం. ఇక్కడ మనుషులున్నారు."

"బళ్ళో పిల్లలున్నారు. అక్కడ నువ్వు ఆగావా?"

షాపులో ఉన్న మనుషులంటే ఒక్క బ్యాంకు గుమస్తానే. చాలాసేపటి నుంచి ఫ్రేము మీద ఫ్రేము పెట్టుకుని చూసుకుంటున్నాడు, ఏదీ నచ్చడం లేదు. అన్న అతని ముందు నిలబడి ఇంకో ఫ్రేము తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఊళ్ళో ఎవరి చూపు ఏమాత్రం తగ్గినా ఇట్టే పట్టేసే మనిషి ఆయన. తన పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య ఏముందో మాత్రం ఏనాడూ చూడదలుచుకోలేదు. అమ్మడు టీచరు ఉద్యోగం వదిలేసి వచ్చి ఈ ఇంటి పై గదిలో ఉన్నన్నాళ్ళూ వదిన పుల్లవిరుపు మాటలు పడింది. చివరికి ఒకరోజు సామాను సర్దుకుని వేరే అద్దెగదికి వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా అన్న ఇలాగే ఏదో తుడుస్తూ ఉన్నాడు.

"మేడం, ఇది నాకు బాగుందా?" అని గుమస్తా పాపం వదిననే అడిగాడు.

"ముఖం బాగుంటే ఏదైనా బాగుంటుంది" అంది వదిన అతనివైపు చూడకుండానే.

గుమస్తా ఫ్రేము తీసి కౌంటరు మీద పెట్టాడు. "రేపొస్తానండీ" అని అన్నతో నెమ్మదిగా చెప్పి, తన పాత జోడే పెట్టుకుని బయటపడ్డాడు. అన్న వెళ్ళి షట్టరు సగం దించి వచ్చాడు. వీధి వెలుతురు మోకాళ్ళ దాకానే లోపలికి వచ్చింది.

"ఇప్పుడు అడుగు" అంది వదిన. "ఆ వాన పేరా పిల్లలకి ఎవరు చెప్పారని అడుగుదామనేగా వచ్చావు? నేనే చెప్పాను. ఆఫీసులో తెలిసినాయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. రోజూ చెప్పించాను. నిద్రలో లేపినా చెప్తారు. ఏం చేస్తావో చెయ్యి."

అమ్మడు ఈ మాటకు సిద్ధపడి రాలేదు. వదిన బుకాయిస్తుందనుకుంది. దానికి తగిన మాటలు దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడవి పనికిరాకుండా పోయాయి.

"అది తప్పని నీకనిపించలేదా?"

"తప్పా? ఆ బడికి గోడలు లేనప్పుడు ఎవరూ రాలేదు కొలవడానికి. ముగ్గురు టీచర్లుండాల్సిన చోట నేనొక్కత్తినే అన్ని క్లాసులూ ఈడ్చినప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పుడు నువ్వొచ్చావు, మెళ్ళో గడియారం వేసుకుని. పిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని టిక్కుమని నొక్కుతావు. వాడి నోట్లో తడారిపోతుంది. వచ్చిన ముక్క కూడా మర్చిపోతాడు. నువ్వు 'రెండో తరగతి స్థాయి లేదు' అని రాసుకుని బస్సెక్కిపోతావు. బడి మూస్తారు. హైవే దాటించి ఆడపిల్లల్ని ఏ తల్లి పంపుతుంది? లారీల కింద పడడానికా? సగం మంది మానేస్తారు. వాళ్ళ పేర్లు కూడా నీ రిపోర్టులో రాస్తావా?"

"బళ్ళో ఉండి మాత్రం వాళ్ళకి ఏం వచ్చింది వదినా? బస్సు మీద ఊరి పేరు చదవలేరు. మందు సీసా మీద ఏం రాసుందో చదవలేరు. రెండో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళని నువ్వు మూడులోకి తోశావు, మూడు నుంచి నాలుక్కి తోశావు. రేపు ఆరులోకి తోసి చేతులు దులుపుకుంటావు. అక్కడ టీచరు ఇంకా పైకి తోస్తుంది. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట తన అంతట తానే ఆగిపోతుంది. అప్పుడు దానికి తెలివి లేదంటారు."

"అబ్బో" అంది వదిన. "ఎవరమ్మా ఈ మాట చెప్తున్నది? క్లాసులో ఒక్క ఏడాది కూడా నిలబడలేక, కళ్ళు తుడుచుకుంటూ ఈ గుమ్మంలోకొచ్చినదానివి. నీ పిల్లలు నీ మాట వినలేదు, అదే కదా? నలభై మందిని ఎదురుగా పెట్టుకుని పాఠం చెప్పడం రాక, ఒక్కొక్కర్ని గదిలోకి పిలిచి తప్పులు పట్టే ఉద్యోగంలో చేరావు. సుఖంగా ఉంది."

అమ్మడికి ఆ మాట నేరుగా తగిలింది. అందులో అబద్ధం ఏమీ లేదు కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది. ఆ ఏడాది తను ఎంత అరిచినా పిల్లలు నవ్వుతూ ఉండేవాళ్ళు. బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక నుంచి ఆ నవ్వు వినిపించేది. ఇప్పటికీ ఏ బడి వరండాలో నడిచినా ముందు ఆ నవ్వే చెవిన పడుతుంది.

"నాకు నేర్పడం చేతకాదు. అది తెలిసి తప్పుకున్నాను" అంది. "నీకూ చేతకాలేదు. నువ్వు కుర్చీ వదల్లేదు. అంతే తేడా."

"అమ్మడూ!" అన్నాడు అన్న. ఆయన గొంతు ఎప్పుడు లేచినా చెల్లెలి మీదే లేస్తుంది.

"మీరు ఊరుకోండి" అని వదిన లేచి నిలబడింది. అద్దాలన్నింట్లోనూ ఆమె ఒక్కసారే లేచినట్టయింది. "అననివ్వండి. ఇంత విషం ఎక్కడ దాచుకుందో చూద్దాం. ఇదిగో అమ్మాయ్, నేనూ ఊరికే కూర్చోలేదు. మధ్యాహ్నం మీ పై ఆఫీసరుకి ఫోన్ చేశాను. చుట్టాలున్న బడికి పరీక్షకి పోకూడదని మీకు రూలుందట కదా? పైగా ఈ బడి నీకు వాళ్ళు వెయ్యలేదట. నువ్వే అడిగి వేయించుకున్నావట. కక్ష కట్టి వచ్చిందని చెప్పాను. నీ రిపోర్టు చెత్తబుట్టలో పడుతుంది, నీ ఉద్యోగం కూడా దాని వెనకే పోతుంది."

అన్న చేతిలో తుడుపుగుడ్డ ఆగిపోయింది. "నువ్వే అడిగావా అమ్మడూ?"

"అడిగాను."

"చూశారా!" అంది వదిన. "ఆవిడ నోటితో ఆవిడే ఒప్పుకుంది."

"నీకోసం కాదు. పిచ్చుక కోసం."

పిచ్చుక అంటే అన్న కూతురు. రోజంతా కిచకిచమంటూ ఉంటుందని చిన్నప్పుడే ఆ పేరు పడింది. తల్లి బళ్ళోనే ఐదో తరగతి. క్లాసులో ఎప్పుడూ తనే ఫస్టు. ఎవరైనా పెద్దవాళ్ళు బడికి వస్తే ముందు నిలబెట్టి చదివించేది దాన్నే. ఈ రోజు బళ్ళో దాని వంతు రాకముందే వదిన వచ్చి కాగితం లాక్కుంది.

"దానికేమైంది?" అంది వదిన.

అమ్మడు చెప్పింది. కొన్నాళ్ళ కిందట, తన కళ్ళజోడు మర వదులైతే బిగించుకుందామని షాపుకు వచ్చింది. అప్పుడు ఒకావిడ తయారైన జోడు కోసం వచ్చి నిలబడి ఉంది. అన్న పనిలో ఉండి, ఆవిడ పేరు చెప్పి, ఆ పేరున్న డబ్బా తెమ్మని పిచ్చుకకు పురమాయించాడు. అరలో డబ్బాలన్నింటి మీదా పేర్ల చీటీలు అంటించి ఉన్నాయి. పిచ్చుక చటుక్కున ఒకటి తీసుకొచ్చి ఇచ్చింది. ఆవిడ పెట్టుకుని, "అయ్యో, నేల నా మీదికి లేచొస్తోందేంటి!" అని కౌంటరు పట్టుకుంది. అందరూ నవ్వారు. ఆటల్లో పడి ఎవరిదో తెచ్చిందని అన్న కూడా నవ్వి, సరైన డబ్బా తనే తీసి ఇచ్చాడు.

"నేను దాని కళ్ళే చూస్తున్నాను వదినా. అది చీటీల వైపు చూడనేలేదు. ఆవిడ వైపు చూసింది. ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఇది ఆకుపచ్చ డబ్బా తీసింది."

వదిన నవ్వింది. ఈసారి వెటకారం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆమెకు. "దీనికా ఇంత కథ? నా కూతురికి చదవడం రాదని కనిపెట్టడానికి బడి మొత్తాన్ని రోడ్డు మీదకి ఈడ్చావా? రోజూ సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేది నేను. పాఠం చదివించేది నేను. పిచ్చుకా! ఒసేయ్ పిచ్చుకా! పుస్తకం తీసుకుని కిందికి రావే!"

లోపలి మెట్ల మీదుగా పిచ్చుక దిగి వచ్చింది. ఒక కాలికే సాక్సు ఉంది. అత్తను చూసి నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆపుకుంది.

"చదువు."

"ఏ పాఠం అమ్మా?"

"ఏదైనా సరే. ఏనుగు పాఠం చదువు."

పిచ్చుక పుస్తకం తెరిచింది. ఏనుగు బొమ్మ ఉన్న పేజీ ఇట్టే దొరికింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఎంత బాగా చదివిందని! ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఏనుగు కోప్పడినచోట గొంతు పెంచింది, పిల్ల ఏనుగు ఏడ్చినచోట తగ్గించింది. పేజీ అయిపోయేసరికి అన్న ముఖంలో రంగు తిరిగి వచ్చింది.

"అది నువ్వు చదివించిన పాఠమే కదా" అంది అమ్మడు.

"అయితే నువ్వే చెప్పు, ఏది చదవమంటావు? నీ కుండల ముసలాయన్నా?" వదిన బళ్ళో ఉండ చుట్టిన కాగితం కోసం సంచీ వెతకబోయింది.

పిచ్చుక పుస్తకం మూసి రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. దాని కళ్ళు అత్త మీద ఉన్నాయి. బడుల్లో ఎందరో పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్న అమ్మడికి ఆ చూపు తెలుసు. లోపల ఏమీ లేదని తెలిసిన తలుపును ఎవరో తెరవబోతుంటే చూసే చూపు అది. ఇంతదాకా తను కోరుకున్నది ఇదే. ఇప్పుడు వద్దనిపించింది.

"వద్దు వదినా" అంది. "ఇప్పుడు కాదు. ఇలా కాదు. రేపు నేనొక్కదాన్నే దాంతో కూర్చుంటాను. గడియారం లేకుండా."

"భయమేసిందా?"

"దాన్ని చూసి చెప్తున్నాను. వదిలెయ్యి."

"వదలను. బళ్ళో అందరి ముందూ నా పరువు తీసి ఇప్పుడు వదిలెయ్యమంటే వదిలేస్తానా?" కాగితం దొరకలేదు. వదిన కౌంటరు మీదికి చెయ్యి చాపి, అక్కడున్న కార్డు అందుకుంది. దగ్గరి చూపు సరిగా ఉందో లేదో చూడడానికి గిరాకీల చేత చదివించే కార్డు అది. పై వరసలో పెద్ద అక్షరాలుంటాయి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవవుతాయి. "ఇదిగో, ఇది నేను చెప్పిన పాఠం కాదు. మీ అన్న కార్డు. చదవవే. కింది వరస దాకా చదువు. మీ అత్త చెవులారా విని పోతుంది."

పిచ్చుక కార్డు తీసుకుంది. గిరాకీలు పట్టుకున్నట్టే మూర దూరంలో పట్టుకుని, కళ్ళు కొంచెం చికిలించింది.

"తోటమాలి పొద్దున్నే లేచి మొక్కలకు నీళ్ళు పోశాడు. ఎండ ముదరకముందే కలుపు తీశాడు. గులాబీ మొక్క కొత్త మొగ్గ వేసింది. దాన్ని చూసి తోటమాలి ఇంటికి పోవడం మరిచిపోయాడు..."

ఎక్కడా తడబడలేదు. కిందికి వచ్చేకొద్దీ, అక్షరాలు సన్నబడినప్పుడు గిరాకీల గొంతు ఎలా నెమ్మదిస్తుందో దాని గొంతూ అలాగే నెమ్మదించింది. చివరి వరస దాదాపు గుసగుసగా చెప్పి, తల ఎత్తింది.

"విన్నావా?" వదిన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "విన్నావా మేడం? ఎన్ని మార్కులేస్తావు? ఐదో తరగతి స్థాయి ఉందా, లేకపోతే ఒకటో తరగతిలో కూర్చోమంటావా? ఇంకా నిలబడ్డావేం? ఇక బయల్దేరు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే..."

"ఏమే" అన్నాడు అన్న.

"మీరు ఆగండి."

"ఒక్క నిమిషం ఆగవే. ఆ కార్డు..." అన్న కూతురి చేతిలోని కార్డు చూపించాడు. "తోటమాలిది పాత కార్డు. అంచులు చిరిగిపోయాయని మొన్ననే పారేశాను. ఇది కొత్తది."

వదినకు వెంటనే అర్థం కాలేదు. కూతురి చేతిలో కార్డు తీసుకుని చూసింది. ఆమె పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. కార్డు మీద ఉన్నది పడవ నడిపే మనిషి గురించి. అతను రేవులో జనాన్ని ఎక్కించుకుని ఏరు దాటిస్తున్నాడు. తోట లేదు. గులాబీ లేదు.

ఆమె చివరి వరస దాకా చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది. ఎక్కడో ఒకచోట తోటమాలి ఉంటాడన్నట్టు వెనక్కి తిప్పి కూడా చూసింది. వెనక ఖాళీ.

"ఇందులో ఏముందే?" అని కార్డు కూతురి ముఖం దగ్గర పెట్టింది. "మొదటి మాట చెప్పు. ఒక్క మాట."

పిచ్చుక పై వరసలోని పెద్ద అక్షరాల మీద వేలు పెట్టింది. "ప..." అంది. "ప... డ..." వేలు అక్కడే నిలిచిపోయింది. "అమ్మా, ఇది ఒకసారి నువ్వు చదివి వినిపించు. నేను చెప్పేస్తాను."

ఆ మాటలో గడుసుతనం లేదు. రోజూ అడిగే మాటే అడిగింది. రోజూ సాయంత్రం వదిన ముందు చదివేది, పిచ్చుక వెనక చదివేది. తల్లి గొంతు ఎక్కడ లేస్తే అక్కడ లేచేది, ఎక్కడ ఆగితే అక్కడ ఆగేది. పిల్లకు ఒక్కసారి వింటే చాలు, ఎంత చురుకో అని వదిన అందరికీ చెప్పుకునేది.

"ఎప్పట్నుంచి?" అంది వదిన.

"ఏది?"

"ఈ... ఇలా ఎప్పట్నుంచే?"

"మొదట్నుంచీ ఇలాగే కదమ్మా" అంది పిచ్చుక. "క్లాసులో కూడా అంతే. టీచరు ముందు చెప్తుంది, మేం తర్వాత చెప్తాం. అందరం అంతే."

వదిన చెయ్యి లేచింది. పిచ్చుక తప్పుకోలేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. అమ్మడు మధ్యలోకి వచ్చి వదిన మణికట్టు పట్టుకుంది.

"దాన్ని కాదు వదినా."

"వదులు."

"దాని తప్పేముంది?"

"వదులు చెయ్యి!" వదిన విదిలించుకుంది. ఆ విసురుకు కౌంటరు మీది ఫ్రేముల ట్రే బోర్లాపడి, ఫ్రేములు నేలంతా చెదిరిపోయాయి. "నీ కళ్ళు చల్లబడ్డాయా? కడుపు నిండిందా? బడిని బజారుకెక్కించావు. ఇప్పుడు నా ఇంట్లోకొచ్చి నా కూతురి ముందు నన్ను నిలబెట్టావు. అంత తెలిసినదానివి, ఆ డబ్బా తెచ్చిన రోజే పైకొచ్చి నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా? వదినా, పిల్ల సంగతి ఒకసారి చూడు అని అనలేకపోయావా? నేను దానికి తల్లినే కదా, పగదాన్ని కాదుగా?"

చెబితే వినేదానివా అని అమ్మడి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది సరైన జవాబు కాదని తనకు తెలుసు. అసలు జవాబు వేరే ఉంది, అది నలుగురిలో చెప్పుకునేది కాదు. ఆ రోజు ఆకుపచ్చ డబ్బా చూడగానే మేనకోడలి మీద జాలి కలిగిన మాట నిజం. ఆ వెంటనే లోపల ఎక్కడో సంతోషం కలిగిన మాట కూడా నిజం. క్లాసులో నిలబడలేకపోయిందని తనను దెప్పిన ఈ ముఖం, ఒకరోజు అందరి ముందూ ఇలా పాలిపోతే చూడాలని ఆమె కోరుకుంది. ఇప్పుడది కనిపిస్తోంది. ఎదుట, పక్కన, వెనక, గోడకున్న ప్రతి అద్దంలోనూ కనిపిస్తోంది. ఎటు చూడాలో తెలియక అమ్మడు వంగి, కింద పడిన ఫ్రేములు ఏరడం మొదలుపెట్టింది.

సంచిలో ఆమె ఫోన్ మోగింది.

పై ఆఫీసరు. అమ్మడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, అందుకని ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడుతుంది. నొక్కగానే ఆఫీసరు గొంతు షాపు నిండా పరుచుకుంది.

"ఏమ్మా, ఆ బడి పెద్దమేడం నీకు వదినట, నిజమేనా?"

"నిజమే సార్."

"మరి ఆ ముక్క మాకెందుకు చెప్పలేదు? పైగా ఆఫీసు ఇచ్చిన పేరా మానేసి, నీ సొంత కవిత్వం పిల్లల చేత చదివించావట. సరే, నీ సంగతి తర్వాత చూస్తాను. నీ రిపోర్టు చెల్లదు. రేపు వేరే మనిషిని పంపిస్తున్నాను. ఆఫీసు పేరాతోనే పరీక్ష. ఆ మేడం ఫోన్ కలవట్లేదు. నీకేమైనా అందుబాటులో ఉన్నారా?"

అమ్మడు వదిన వైపు చూసింది. రేపు ఆఫీసు పేరాతోనే. అంటే రేపు మళ్ళీ వాన వెలుస్తుంది, మళ్ళీ చీమలు బయటికి వస్తాయి. క్లాసు మొత్తం చదివినట్టే అవుతుంది. బడి నిలబడుతుంది. ఏ పిల్లకూ చదవడం రాదన్న మాట ఇంకెవరికీ తెలియదు.

వదిన చెయ్యి చాపింది. అమ్మడు ఫోన్ ఇచ్చింది.

"నమస్తే సార్."

"మేడం, మీ పిల్లలు కాగితం మీద లేనిది అప్పజెప్పారని ఈ అమ్మాయి రిపోర్టులో రాసింది. మీరేమంటారు? ఉన్నదున్నట్టు చెప్పండి."

కొత్త కార్డు ఇంకా వదిన చేతిలోనే ఉంది. కూతురి వైపు చూసింది. అన్న కూడా చూశాడు, మొదటిసారి దేన్నీ తుడవకుండా. చెబుతుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకుంది అమ్మడు. కన్నపిల్ల సంగతి కళ్ళారా చూశాక ఏ తల్లి మాత్రం దాస్తుంది?

"అలాంటిదేం లేదు సార్" అంది వదిన. రోజూ బళ్ళో మాట్లాడే గొంతే అది, గట్టిగా, నిలకడగా ఉంది. "మా పిల్లలందరూ చదువుతారు. మా అమ్మాయి కూడా ఆ క్లాసే. రేపు ఎవర్ని పంపినా సరే, ముందు మా అమ్మాయినే పిలవమనండి. మీకే తెలుస్తుంది."

"వదినా!" అంది అమ్మడు.

వదిన వేలు చూపించి నోరు మూయించింది. అన్న తల దించుకున్నాడు.

"మంచిదమ్మా. మీ మాట మీద నాకు..." అని ఆఫీసరు ఇంకేదో అనబోతున్నాడు.

"సార్" అని పిలిచింది పిచ్చుక.

బడికి ఎవరొచ్చినా ముందు నిలబడి, చివరి వరస దాకా వినబడేలా చదివే గొంతు అది. ఆ గొంతుకు ఫోన్ దగ్గరికి పోవాల్సిన పని లేదు.

"సార్, నాకు చదవడం రాదు. మా క్లాసులో చాలామందికి రాదు. వానది మాకు నోటికొచ్చు."

షట్టరు కింద నుంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. వదిన అరచెయ్యి ఫోన్ మీదకు వెళ్ళింది గానీ, మూయలేదు. మూసి లాభం లేదని ఆమెకూ తెలిసింది.

అవతల ఆఫీసరు గొంతులో ఇందాకటి విసుగు లేదు.

"నోటికొచ్చా? అంత బాగా నోటికొచ్చేలా మీకు ఎవరు నేర్పారమ్మా?"

పిచ్చుక తల ఎత్తి తల్లి ముఖంలోకి చూసింది.